సాలు మీద పడ్డ నీడ

హులిగెమ్మ చూపు మీద ఊళ్లో ఎవరికీ అనుమానం లేదు. ఆమెకు కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పత్తికొండకు పడమటగా ఉన్న ఆ ఎర్రచేలల్లో తొలకరి గట్టిగా పడితే మట్టి కొట్టుకుపోయి, అడుగున ఉన్న రాళ్లు పైకి తేలతాయి. వాటిల్లో ఎక్కడో ఒకటి వజ్రం ఉంటుంది. ఉంటుందని నమ్మకం. మర్నాడు తెల్లారేసరికి ఆటోల్లో, బైకుల మీద, బళ్లారి బస్సుల్లో జనం దిగి, తల వంచుకుని నేల చూస్తూ నడుస్తారు. మాటలుండవు. పొద్దుకు ఎదురుగా నడవాలి, అప్పుడే రాయి మెరుపు సూటిగా కంటికి తగులుతుంది. సగం మంది గాజుపెంకులు మూటగట్టుకుని ఇంటికి పోతారు. హులిగెమ్మకు మాత్రం మూడేళ్ల కింద నిజమైన రాయే దొరికింది. ఆ తర్వాతి ఏడు ఆమె పక్కసాలులో నడిచిన మనిషికి దొరికింది. అది తన కంటికి ఎందుకు ఆనలేదా అని ఏడాదంతా నిద్రపట్టక కొట్టుకుంది. ఆనాటి నుంచి చేనులో దిగిందంటే ఆమెకు లోకం లేదు.

ఆ చేలల్లో ఒక కట్టు ఉంది. ఎవరైనా వంగినా, కూలబడినా పక్కవాళ్లు తల తిప్పుకోవాలి. వంగారంటే కంటికి ఏదో తగిలినట్టు. అప్పుడు దగ్గరికి పోతే వాటాకు వచ్చినట్టు, తొంగి చూస్తే దిష్టి పెట్టినట్టు. వెనకెప్పుడో ఇలాంటి తగాదాలో తలలు పగిలాక పెద్దమనుషులు కూర్చుని పెట్టిన కట్టు అది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు కూడా దాన్ని మీరరు.

ఆ రోజు ఎండ పొద్దున్నే మొదలైంది. వాన పడ్డ నేల ఆవిర్లు కక్కుతోంది. హులిగెమ్మ ఒక్కొక్క సాలే తేల్చుకుంటూ పోతోంది. ముందర రెండు కాళ్లు వచ్చి ఆగాయి.

"అక్కా, అమ్మ యాడ?"

తమ్ముడు వీరభద్ర. పత్తికొండకూ ఈ చేలకూ మధ్య ఆటో తోలుతున్నాడు. తల ఎత్తకుండానే అంది ఆమె.

"ఏం వీరా, సవారీలు లేవా?"

"అమ్మ యాడంటే సవారీలంటావేమక్కా?"

"అమ్మ యాడుంటాది? ఇంట్లో ఉండాది."

"ఇంట్లో లేదు. నీకు సద్ది తీసుకొని నాతోనే వచ్చింది. ఆ తంగేడు చెట్ల కాడ నేనే దింపితి. క్యారియరిచ్చి ఇప్పుడే వస్తానని చేన్లోకి వచ్చింది. ఎంతసేపని చూసేది? ఆటోలో జనం నా పీకల మీద కూచున్నారు."

హులిగెమ్మ నడుం ఎత్తింది. కళ్లకు ఒక్కసారిగా ఆకాశం, చెట్లు, మనుషులు అలవాటు కావడానికి కొంచెం సేపు పట్టింది.

"ఈడికి రాలేదు," అంది.

"రాకుండా యాడికి పోతాది?"

"నన్నడిగితే? తెల్లారినప్పటి నుంచి ఈ చేను దాటలేదు నేను. నువ్వుగింజంత మెరిస్తే పట్టే కండ్లకు అమ్మ కనపడదా?"

వీరభద్ర దానికి ఎదురు చెప్పలేకపోయాడు. ఎవరూ చెప్పలేరు. పొద్దున బయల్దేరేటప్పుడు తల్లి ఉరుకుందమ్మకూ ఆమెకూ మాటా మాటా వచ్చిన సంగతి అతనికి తెలుసు. బీపీ మనిషివి, బిళ్ల మింగి నీడన పడుండు, ఎండలో నా ఎంట రావద్దని కూతురు కసిరింది. రాళ్ల పిచ్చి పట్టి నువ్వే ఎండిపోతాండావు, నాకు చెప్పొచ్చినావా అని తల్లి తిరగబడింది.

"కోపమొచ్చి చేన్లోకి రాకుండానే మళ్లుకున్నట్టుండాది," అంది హులిగెమ్మ. "ఎవరిదో బండెక్కి ఇంటికి పోయింటాది. నువ్వు ఊర్లో చూడు, నేను బస్సుల కాడ చూస్తా."

వీరభద్ర ఆటో తిప్పుకుని ఊరికి పోయాడు. హులిగెమ్మ తారురోడ్డు మీదికి నడిచింది. సోడాబండి దగ్గర అడిగింది. పుచ్చకాయలు కోసే మనిషిని అడిగింది. పచ్చకోక ముసలామె, చేతిలో క్యారియరు. ఎవరూ చూడలేదన్నారు. ఊళ్లో పక్కింటి ప్రేమమ్మకు ఫోన్ చేస్తే, తాళం వేసినట్టే ఉండాదమ్మా అంది. ఆ మాట వింటున్నప్పుడే ఆమె గుండెలో మొదటిసారి రాయి పడింది.

తల్లి దగ్గర ఫోన్ లేదు. చెవులు కొంచెం మందం. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది.

జనం కొట్టుకోకుండా చూడటానికి వేసిన కానిస్టేబుల్ బసవరాజ్ కానుగచెట్టు కింద బైక్ మీద కూర్చుని ఉన్నాడు. కథంతా విని లేచాడు. ఆదోని పక్క మనిషి, నెమ్మదస్తుడు.

"ముందు ఈ చేన్లోనే ఎతుకుదాం పట్టమ్మా. నలుగురిని పిలుస్తా. ముసలామె, యాడన్నా పడిపోయిందేమో."

"చేన్లో ఎందుకు సార్? చేన్లో నేనుంటి గదా."

"నువ్వు రాళ్లు చూస్తాండావు గదమ్మా."

"రాయి చూసేదాన్ని మనిషిని చూడనా సార్?" హులిగెమ్మకు కోపం వచ్చింది. "ఆటో దిగింది, చేన్లోకి రాలేదు. అంటే రోడ్డు మీదే ఏదో జరిగింది. ఎవరన్నా బండి ఎక్కించుకొని పోయినారేమో. మెడలో బంగారు గుండ్లుండాయి. రోడ్డెంట చూడండి సార్, మీకు పుణ్యముంటాది."

అంత గట్టిగా కన్నకూతురు చెబుతుంటే బసవరాజ్ కాదనలేకపోయాడు. బైక్ తీసి రోడ్డు వెంట పోయాడు. అటు క్రాస్‌రోడ్డు దాకా, ఇటు వంతెన దాకా. లారీ డ్రైవర్లను ఆపి అడిగాడు. అతను తిరిగొచ్చేసరికి వీరభద్ర ఆటో కూడా వచ్చింది. ఖాళీగా. 

వాళ్లు ముగ్గురూ చేను గట్టున నిలబడి మాట్లాడుకుంటుంటే, బీడీ కాల్చుకుంటూ ఒక పెద్దాయన దగ్గరికి వచ్చాడు. పేరు ఏసన్న. ఏటా వానాకాలం ఈ చేలకు వచ్చే మనిషి. పొద్దుటి నుంచి హులిగెమ్మకు రెండు సాళ్ల అవతల నడుస్తున్నాడు.

"మీయమ్మంటే, పచ్చకోక కట్టుకొని క్యారియరు పట్టుకోనుండె, ఆమెనా?"

ముగ్గురూ గిర్రున తిరిగారు.

"నువ్వు చూసినావా?" అన్నాడు వీరభద్ర.

"చూడకేమప్పా. ఈయమ్మ దగ్గరికే వచ్చె గదా. ఎదురుగ్గానే నిలబడె."

"ఎవరి ఎదురుగ్గా?"

"ఈయమ్మ ఎదురుగ్గా," ఏసన్న బీడీతో హులిగెమ్మను చూపించాడు. "తర్వాత కొంచెం వంగినట్టు కనపడె. నేను తల తిప్పుకుంటి. కట్టు గదా మనకు. మల్లా చూసేతలికి లేదు. తల్లీ కూతుళ్లు మాట్లాడుకొని పంపిచ్చుకున్నారనుకుంటి."

హులిగెమ్మ బసవరాజ్ వైపు తిరిగింది. 

"ఈయప్ప అబద్ధం చెప్తాండాడు సార్."

"నాకేం పనమ్మా అబద్ధం చెప్పను?"

"నా ముందర మా అమ్మ నిలబడితే నాకు తెలీదా? నిన్నడిగి తెలుసుకోవల్లనా? సార్, ఈయప్పను గట్టిగా అడగండి. పచ్చకోక అని, క్యారియరని ఇంత బాగా చెప్తాండాడే, యాడ చూసినాడో అడగండి. గుండ్ల కోసం ఏం చేసినాడో అడగండి."

వీరభద్ర అప్పటికే ఏసన్న చొక్కా పట్టుకున్నాడు. గుండీ ఒకటి తెగి మట్టిలో పడింది. ఏసన్న చేతులు ఎత్తలేదు. ముసలి మెడ మీద నరం మాత్రం టపటప కొట్టుకుంటోంది.

"కొట్టుకో నాయనా. కానీ చూసింది చూడలేదని చెప్పమంటే యాడ చెప్పేది?"

బసవరాజ్ మధ్యలో దూరి ఇద్దరినీ విడదీశాడు. "నువ్వు నడు పెద్దాయనా, బైకు కాడికి," అన్నాడు. చుట్టూ జనం మూగుతున్నారు. ఏసన్న రెండడుగులు వేసి ఆగాడు.

"సార్, ఆ వీడియోలాయన ఆడే నిలబడి ఫోను పెట్టుకొని ఒకటే మాట్లాడుతాండె. దాంట్లో పడింటాది చూడండి. నా మాట ఎందుకు, దాన్నే చూడండి."

వీడియోలాయన అంటే జయకుమార్. కడప నుంచి వచ్చాడు. వజ్రాల వేట మీద వీడియోలు తీసి యూట్యూబులో పెడుతుంటాడు. కర్రకు తగిలించిన ఫోన్‌తో సహా అతన్ని పిలుచుకొచ్చారు.

"నేనైతే ఏ ముసలామెనూ చూళ్లేదు సార్," అన్నాడతను. "నా మొహం నేను చూసుకుంటా మాట్లాడుతాంటి. ఎనకాల ఎవరుండారో నాకేం తెలుసు."

"పెట్టయ్యా ముందు."

చెట్టు నీడలో ఫోన్ పెట్టాడు. ఒకవైపున జయకుమార్ మొహం, పెద్దగా. నోరు ఆడిస్తూనే ఉన్నాడు. అతని భుజం పక్కనుంచి చేను, చేనులో వంగిన తలలు. వాటిల్లో ఒకటి హులిగెమ్మది. తెల్లచుక్కల ఎర్రకోక. మొహం కూడా స్పష్టంగా ఉంది.

ఆమెకు ఎదురుగా, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, పచ్చకోక.



ఫోన్‌లో ఉరుకుందమ్మ కుడిచేత్తో క్యారియర్ పైకెత్తి ఊపుతోంది. స్టీలు క్యారియరు. ఎండకు అది తళుక్కు తళుక్కున మెరుస్తోంది. నోరు తెరిచి ఏదో అంటోంది. జయకుమార్ గోలలో వినపడటం లేదు. ఎడమచెయ్యి మాత్రం కొంచెం లేచి, తనది కానట్టు పక్కన వేలాడిపోయింది. కాళ్లు తడబడ్డాయి, ముందుకు వంగింది. హులిగెమ్మ నడుస్తూ వచ్చింది. తల్లి పాదాల దగ్గరిదాకా వచ్చింది. రవ్వంత పక్కకు జరిగింది. తల్లిని చుట్టుకుని, తల్లి కొంగు తన మోచేతికి తగులుతుండగా, దాటి ముందుకు పోయింది. నాలుగు అడుగులు పోయి వంగి, నేల మీద నుంచి ఏదో తీసి, గాజుపెంకని పారేసింది.



"ఇది నేను కాదు," అంది హులిగెమ్మ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఎంత పిచ్చిమాటో ఆమెకు తెలియలేదు. కోక తనది. నడక తనది. పారేసిన గాజుపెంకు కూడా గుర్తుంది. ఆకుపచ్చది, సీసామూతి ముక్క.

గాజుపెంకు గుర్తుంది. అమ్మ లేదు.

వీరభద్ర నేల మీద కూలబడ్డాడు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదనిపించింది ఆమెకు.

"దావలో గొడ్డు అడ్డమొస్తే తప్పుకున్నట్టు తప్పుకొని పోయినావు," అన్నాడు. "పొద్దుటి మాటకు ఇంత కచ్చనా నీకు?"

"చూడలేదు వీరా."

"కొంగు తగులుతాండాదే నీకు."

"చూడలేదురా. అమ్మ తోడు, చూడలేదు."

"అమ్మ తోడా?" అన్నాడు వాడు. ఇంక తలెత్తలేదు.

చుట్టూ ఉన్న ఆడవాళ్లలో ఒకామె పక్కకు తిరిగి ఉమ్మేసింది. బసవరాజ్ హులిగెమ్మను అదోలా చూశాడు. ఇందాక చేను వెతకనివ్వకుండా రోడ్డు మీదికి తరిమింది ఈమే గదా అని ఆ చూపు. ఏసన్న దూరంగా నిలబడి, గుండీ ఊడిన చొక్కాను చేత్తో మూసుకున్నాడు.

హులిగెమ్మ తనలోకి తను తవ్వుకుంటోంది. ఏముంది అప్పుడు? నేల ఉంది. ఎర్రమట్టి, సున్నపురాళ్లు, నల్లరాళ్లు, పలుగురాళ్లు. ఒక నీడ ఉంది. అవును, నీడ. సాలు మీద ఏదో నీడ పడింది. పొద్దుకు అడ్డంగా ఏదో వచ్చింది, మెరుపు కనపడనివ్వకుండా. విసుగు పుట్టింది. నీడలోంచి తప్పుకుని ఎండలోకి నడిచింది.

అంతే. ఆ నీడ తల్లిది.

"మళ్లీ పెట్టు," అన్నాడు బసవరాజ్.

జయకుమార్ మళ్లీ పెట్టాడు. జనం ఒకరి భుజం మీద నుంచి ఒకరు తొంగి చూస్తున్నారు. పొద్దుటి నుంచి ఎత్తని తలలు ఇప్పుడు ఎత్తి చూస్తున్నాయి. హులిగెమ్మ దగ్గరికొచ్చింది. జరిగింది. దాటింది. "అబ్బా," అని ఎవరో నిట్టూర్చారు. వంగింది, గాజుపెంకు తీసింది. చూశారా, దానికైతే వంగింది, అని ఇంకెవరో. వీడియో చివరిదాకా ఆడి ఆగింది. వెనక ఉన్నవాళ్లు మాకు కనపడలేదన్నారు. మళ్లీ పెట్టాడు. మళ్లీ అదే చోట అదే నిట్టూర్పు.

హులిగెమ్మ కూడా చూస్తోంది, తన నేరాన్ని తనే. మూడోసారో నాలుగోసారో ఆడుతుండగా తలెత్తి చుట్టూ ఉన్న మొహాలు చూసింది. ఇంతమంది, ఇన్నిసార్లు చూస్తున్నారు. ఎక్కడ చూస్తున్నారు? తనను. తన కాళ్లను, తన తప్పుకోవడాన్ని, తన గాజుపెంకును. తను దాటిపోయాక కళ్లన్నీ తన వెంటే పోతున్నాయి. తన కళ్లు కూడా. తాను రాయి వెంట పోయినట్టే.

అయితే అమ్మ వెంట ఎవరి చూపు పోయింది?

"ఇట్లియ్యన్నా," అని ఫోన్ లాక్కుంది. వీడియో మొదటికి జరపడం ఆమెకు చాతకాలేదు. జయకుమారే జరిపాడు. ఆమె తన బొటనవేలు ఎత్తి ఫోన్ మీద, తాను నడిచే చోట గట్టిగా ఆనించింది. ఎర్రకోక వేలి కింద మాయమైంది.

"నన్ను చూసింది చాలు," అంది.  "నేను యాడికీ పోలేదు, ఈడే ఉండా. అమ్మను చూడండి సార్. అమ్మనొక్కదాన్నే చూడండి."

బసవరాజ్ వంగాడు. వీరభద్ర కూడా లేచి వచ్చాడు.

పచ్చకోక కాసేపు అక్కడే ఊగింది. తర్వాత పక్కకు తూలుతూ, జయకుమార్ పెద్ద తల వెనక్కి పోయి కనిపించకుండా పోయింది. ఇప్పటిదాకా అందరి లెక్కా అక్కడితో సరి. హులిగెమ్మ రెప్ప వెయ్యలేదు. జయకుమార్ నోరు ఆడుతూనే ఉంది. సబ్‌స్క్రైబ్ చెయ్యమంటున్నాడు. అప్పుడు, అతని రెండో చెవి పక్కనుంచి, ఫోన్ అంచుకు ఆనుకుని, చిన్న పచ్చటి ముక్క బయటికొచ్చింది. ఒక కాలు ఈడ్చుకుంటూ పోతోంది. చేను దాటి, దిగువకు. ఒక్కసారి క్యారియర్ మెరిసింది. తర్వాత నడుం దాకా, భుజాల దాకా నేలలోకి దిగిపోయినట్టు మునిగిపోయింది.

"వంక," అన్నాడు ఏసన్న వెనక నుంచి. "వంకలోకి దిగింది."

పరుగెత్తారు. హులిగెమ్మ అందరికన్నా ముందు. కాళ్ల కింద రాళ్లు చెదురుతున్నాయి. ఏ రాయో ఆమె చూడలేదు. ఆ చిన్న వాగు ఎంత దూరమో కాదు. చేనులో నిలబడి తలెత్తితే కనపడే చోటే. అదే ఆమెను చంపుతోంది.

రాత్రి వానకు వంకలో మోకాలిలోతు నీళ్లు పారి ఇంకిపోయాయి. తడి ఇసక మీద ఒక పాదం ముద్ర, దాని పక్కన ఈడ్చిన గీత. గీత వెంట సర్కారుకంప పొద దాకా పోయారు. నీడ కోసం దూరినట్టుంది. తల నీడలో, కాళ్లు ఎండలో. పక్కకు ఒరిగి పడి ఉంది ఉరుకుందమ్మ.

కళ్లు తెరిచే ఉన్నాయి.

"అమ్మా."

కళ్లు తిరిగాయి. నోరు ఒక పక్కకు లాగేసి ఉంది. చెంపకు ఇసక అంటి, దాని మీద చీమలు పాకుతున్నాయి. కుడిచేతి వేళ్లు క్యారియర్ పట్టుకుని ఇంకా విడవలేదు. వీరభద్ర ఆ వేళ్లు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది.

"పక్షవాతం," అన్నాడు బసవరాజ్. అప్పటికే ఫోన్ చెవి దగ్గరుంది. "108 వస్తాండాది. నీళ్లు తాపొద్దు, ఎవరూ నీళ్లు తాపొద్దు. గొంతుకు పడతాది."

ఉరుకుందమ్మ కూతుర్ని చూసింది. నాలుక మడతపడి మాట ముద్దగా వచ్చింది. హులిగెమ్మ తన చెవి ఆ నోటి దగ్గర పెట్టింది.

"పిలిస్తి," అంది తల్లి. "శానా పిలిస్తి."

 హులిగెమ్మ కొంగుతో చెంప మీది చీమలు తుడిచింది. తుడుస్తూనే ఉంది.

అంబులెన్సు కర్నూలు దారి పట్టింది. లోపల స్ట్రెచర్‌కు ఒక పక్క అక్క, ఇంకో పక్క తమ్ముడు.  దారంతా వాడు ఆమె వైపు చూడలేదు. వీడియో మాత్రం వాడి ఫోన్లో ఉంది. బండి ఎక్కబోతుంటే జయకుమార్ పంపాడు. ఎన్నింటికి తీసిందీ దాని కింద కొట్టి పంపమన్నది బసవరాజ్. ఎందుకో ఆయన చెప్పలేదు.

పెద్దాసుపత్రిలో తెలిసింది ఎందుకో. డాక్టరు నడివయసు మనిషి, అద్దాలు నుదుటి మీదికి ఎత్తుకుని ఉన్నాడు. మంచం దగ్గరికి రాగానే అడిగిన మొదటి మాట అదే.

"ఎప్పుడు వచ్చింది ఇది? మొదలైనప్పుడు ఎవరు చూశారు?"

వీరభద్ర తలవంచుకున్నాడు.

"ఉజ్జాయింపుగా చెబితే కుదరదు. మెదడులో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. కొన్ని గంటల్లోపే ఇవ్వాలి. ఎప్పుడు మొదలైందో తెలియకుండా ఇస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరు చూశారు చెప్పండి."

"ఎవరూ చూడలేదు సార్," అంది హులిగెమ్మ. "ఫోను చూసింది. వీరా, సార్‌కు చూపీ."

వాడు కదల్లేదు. ఆమే వాడి చొక్కా జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చింది. వార్డులో నర్సులున్నారు, పక్కమంచాల వాళ్లున్నారు. ఇప్పుడు వీళ్లందరి ముందూ తను తల్లిని దాటిపోతుంది. దాటిపోనీ అనుకుంది.

డాక్టరు అద్దాలు కిందికి దించి చూశాడు. ముందుకు వంగాడు. మొదటికి జరిపి ఇంకోసారి చూశాడు. పక్కనున్న కుర్ర డాక్టరమ్మను పిలిచాడు.

"ఇదిగో, ఎడమచెయ్యి చూడు. ఇక్కడ ఇంకా కొంచెం ఎత్తుతోంది. ఇక్కడ పడిపోయింది. ఇదే మొదలు. కాలు చూశావా?" కింద ఉన్న టైము చూశాడు, గోడ గడియారం చూశాడు. "ఉంది. టైముంది. సీటీకి పట్టుకెళ్లండి, పరిగెత్తండి."

మంచం చక్రాల మీద వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

తలుపు బయటి బల్ల మీద అక్కా తమ్ముడూ ఎంతసేపు కూర్చున్నారో. ఎవరో నర్సు వచ్చి వేలిముద్ర వేయించుకుపోయింది. ఎవరో టీ ఇచ్చారు. అది చేతిలోనే చల్లారింది. తల్లి బతకకపోతే, తల్లిని తనే చంపినట్టు. బతికితే, ఆ కళ్లలోకి చూడాలి. హులిగెమ్మ బతకాలనే కోరుకుంది. చూడాల్సి వస్తే చూస్తుంది, రోజూ చూస్తుంది. తమ్ముడు బల్లకు ఆ చివర కూర్చున్నాడు. మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత చోటు.

తలుపు తెరుచుకుని డాక్టరు వచ్చాడు. నడకలో ఇందాకటి తొందర లేదు.

"ఎడమచేతి వేళ్లు కదిలిస్తోంది," అన్నాడు. "మాట కూడా కొంచెం తేలింది. ఇరవైనాలుగు గంటలు చూడాలిగానీ, బయటపడుతుంది."

వీరభద్ర రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. హులిగెమ్మ లేచి గోడ పట్టుకుంది.

"ఆ వీడియో తీసినతనికి దండం పెట్టుకోండి. అది లేకపోతే ఇంజెక్షన్ ముట్టుకునేవాళ్లం కాదు." డాక్టరు ఫోన్ తిరిగి ఇవ్వబోతూ హులిగెమ్మ వైపు చూశాడు. కేస్ షీట్లో ఏదో రాసుకోవడానికి అడిగినట్టు, మామూలుగా అడిగాడు. "అది సరేగానీ, అప్పుడు నువ్వెక్కడున్నావమ్మా? దగ్గర్లో మీవాళ్లు ఎవరూ లేరా?"

హులిగెమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఎత్తిపొడుస్తున్నాడేమో అనుకుంది. మొహంలో అదేమీ లేదు. నిజంగానే అడుగుతున్నాడు. రెండుసార్లు చూసిన మనిషి. అద్దాలు పెట్టుకుని, ముందుకు వంగి చూసిన మనిషి.

బల్ల చివర వీరభద్ర చేతులు మొహం మీద నుంచి మెల్లగా కిందికి దిగాయి. డాక్టర్ను చూశాడు. అక్కను చూశాడు. వంక గట్టు నుంచి ఇక్కడిదాకా అదే మొదటిసారి చూడటం.

"సార్," అన్నాడు.  "ఇంకోసారి చూడండి సార్. అమ్మను కాదు. అమ్మ పక్కన."

డాక్టరు విసుగ్గానే ఫోన్ తెరిచాడు. జయకుమార్ గోల మొదలైంది. ఆయన బొటనవేలు ఒకచోట ఆగింది.  తెల్లచుక్కల ఎర్రకోకను ఫోన్లో చూశాడు, తలెత్తి ఎదురుగా గోడ పట్టుకుని నిలబడ్డ ఎర్రకోకను చూశాడు.

"ఇందాక చూపించింది ఈ వీడియోనేనా?" అన్నాడు. "అందులో ఈమె లేదే."